బొమ్మకు పురాణం వ్రాసేది ఎవరు?

బొమ్మ స్వతహాగా మూగది. దానికి పేరు, ఊరు, వంశం, వైరం, చావు, పునర్జన్మ అన్నీ ఆడుకునేవారు ఇచ్చినవే. అందుచేతనే బొమ్మ ఉన్న ప్రతిచోటా కథ ఉంది. కథ ఉన్న ప్రతిచోటా ఆ కథను గూర్చిన వాదమూ ఉంది. వాడు వీడికంటె బలవంతుడా? చచ్చినవాడు మళ్ళీ ఎట్లా వచ్చాడు? నీవు చెప్పే మాట నీకు ఎవరు చెప్పారు? ఈ మూడు ప్రశ్నలు ఆరేండ్ల పిల్లవానివీ కావచ్చు, అరవై యేండ్ల పండితునివీ కావచ్చు.

మన విద్యార్థులలో పలువురు ట్రాన్స్‌ఫార్మర్స్ అనే యంత్రవీరులను గూర్చి గంటల తరబడి వాదించుకోవడం అధ్యాపకులకు తెలియనిది కాదు. టెక్కలి బజారులోనో పలాస సంతలోనో కొన్న ప్లాస్టిక్ బొమ్మ వెనుక ఇంత గ్రంథం ఉన్నదా అని పెద్దలు విస్తుపోతారు. కాలహరణమని కొందరు విసుగుకొంటారు కూడా. ఆ వాదాలు ఏమిటి, అవి ఎందుకు పుడుతున్నాయి, వాటినుండి మనం నేర్వదగినది ఏమైనా ఉన్నదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెక్కల గుర్రం

బొమ్మకు కథ తోడుకావడం నేటి వింత కాదు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక చక్కని ఉదంతం ఉన్నది. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక దండయాత్ర నుండి ఇంటికి వచ్చిన సందర్భంలో గాలికి తెర తొలగి, హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మలు కనబడ్డాయి. వాటి నడుమ ఒక గుర్రం ఉన్నది. దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. హజ్రత్ సులైమాన్‌కు రెక్కల గుర్రాలు ఉండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఆ జవాబుకు ఆయన దవడపళ్ళు కనబడేటట్లు నవ్వారని ఆమెయే చెప్పినట్లు ఆ గ్రంథం తెలుపుతున్నది.

ఈ చిన్న ఉదంతంలో మన విషయమంతా ఇమిడి ఉన్నది. బొమ్మ ఉన్నది. బొమ్మ రూపంలో లోకానికి పొసగని ఒక విశేషం ఉన్నది. దానిని చూచినవారికి సందేహం కలిగింది. బొమ్మ యజమానురాలు ‘నా ఇష్టం’ అనలేదు. అంతకుముందే ప్రచారంలో ఉన్న ఒక కథను ఆధారంగా చూపింది. అనగా బొమ్మకు పురాణమూ, పురాణానికి ప్రమాణమూ చూపింది. నేడు ప్రపంచమంతటా బొమ్మల అభిమానులు చేస్తున్న పని సరిగా ఇదే.

పెట్టెలోని వీరులు

మన తెలుగునాట ఈ సంప్రదాయం ఎంత విస్తృతమైనదో తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. విజయవాడ దాపున కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో దశావతారాలు, అంబారీ ఏనుగు, కల్లుగీత కార్మికుడు మొదలైన బొమ్మలు చేస్తారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను చక్రంపై తిప్పి లక్కరంగులు పట్టిస్తారు. ఈ రెండూ ఇంటి అలంకారానికీ, పిల్లల ఆటకూ, పండుగనాటి బొమ్మల కొలువుకూ ఉపకరించేవి. వీటి కథలు చాలమట్టుకు అందరికీ తెలిసినవే. బొమ్మ ఆ కథను జ్ఞాపకం చేస్తుంది, అంతే.

తెలంగాణలోని చేర్యాల బొమ్మల సంగతి వేరు. అక్కడి నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపటాలమీద కులపురాణాలు చిత్రిస్తారు. కర్ర, రంపపు పొట్టు, చింతగింజల జిగురు మొదలైనవాటితో బొమ్మలూ ముసుగులూ చేస్తారు. వీటిని కొనేవారు ఒకప్పుడు పిల్లలు కారు, కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు పటాలు చేయించుకొనేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు మాత్రం బొమ్మలు చేయించుకొనేవారు. ఆ బొమ్మలను పెట్టెలో భద్రపరచి ఊరూరా మోసుకొని పోయి, కథ సాగినకొద్దీ ఒక్కొక్క వీరుని సభలో నిలిపి, వాని పుట్టుక మొదలు పోరు వరకు గానం చేసేవారు. వారికి ఆ బొమ్మలు ఆటవస్తువులు కావు, పూజనీయమైనవి. అయినా పనితీరు గమనిస్తే, ఒకే కాల్పనిక జగత్తుకు చెందిన పాత్రలు వరుసగా బొమ్మలై, ప్రతి బొమ్మకూ ఒక చరిత్ర ఉండి, ఆ చరిత్రను కంఠస్థం చేసిన ఒక వర్గం ఉండటం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఇట్టి ఏర్పాటు ఏ విదేశీ కంపెనీ కనిపెట్టినదీ కాదు.

కాటమరాజు కథలో వాదమూ ఉన్నది. కరవుకాలంలో కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు సీమలోని పచ్చికబీళ్ళకు తోలుకొని పోతాడు. అక్కడి ప్రభువును కథకులు నల్లసిద్ధి అంటారు. పదమూడవ శతాబ్దంలో తిక్కన సోమయాజిని ఆదరించిన మనుమసిద్ధియే ఇతడని చరిత్రకారుల అభిప్రాయం. మేతకు పుల్లరిగా కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. ఆ పుల్లరి చెల్లలేదు, యుద్ధం జరిగింది. చెల్లకపోవడానికి కారణమేమి? రాజు పక్షంవారు ముందుగా ఆవులను చంపించి మాట తప్పారని ఒక కథనం. వానలు లేక గడ్డి ఎండిపోగా కట్టవలసినది లేదని కాటమరాజు వెళ్ళిపోయాడని మరొక కథనం. నెల్లూరు పక్షాన పోరాడి మరణించిన ఖడ్గతిక్కన గూర్చి ప్రచారంలో ఉన్న చాటువులు అతనినే మహావీరునిగా నిలిపినాయి. యుద్ధం ఒకటే, వీరులు ఎవరికి వారే. గొల్లపల్లెలో చెప్పేవారికీ, పండితసభలో చెప్పేవారికీ మధ్య ఏది అసలు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరి ఆధారం వారు చూపవలసిందే.

మన శ్రీకాకుళం జిల్లాలో ఈ బొమ్మల పెట్టెలు కనబడవు. ఇక్కడి యాదవులు రొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గంగమ్మను కొలుస్తూ తప్పెటగుళ్ళు ఆడతారు. అక్కడ బొమ్మ చేసే పని ఇక్కడ ఆటగాని దేహం చేస్తుంది. సాధనం మారినా, వినేవారికి కథ ముందే తెలిసి ఉండటం, ఒక్క మాట తప్పితే వారు పట్టుకోవడం మాత్రం మారలేదు.

రెండు జపాను బొమ్మలు, ఒక అమెరికా కథ

ఇక యంత్రవీరుల కథకు వద్దాము. జపానులో తకారా అనే కంపెనీ 1980లో డయాక్లోన్ అనే బొమ్మల శ్రేణిని ప్రారంభించింది. అందులోని కారులూ లారీలూ విప్పి మడిస్తే యంత్రమానవులయ్యేవి. వాటికి సొంత ప్రాణం లేదు. అంగుళమంతటి మనిషిబొమ్మ లోపల కూర్చొని నడపాలి. అదే కంపెనీ 1983లో మైక్రో చేంజ్ అనే మరొక శ్రేణిని తెచ్చింది. ఇందులోవి పిస్తోలు, టేపురికార్డరు, క్యాసెట్టు మొదలైన ఇంటివస్తువుల అసలు పరిమాణంలోనే ఉండి మరమనిషిగా మారేవి. ఈ రెండు శ్రేణులకూ పరస్పర సంబంధం లేదు.

అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ ఈ రెండింటినీ తీసుకొని, ఒకే పేరుతో 1984లో అమ్మకానికి పెట్టింది. వేర్వేరు ఇండ్లలో పుట్టిన పిల్లలను ఒకే కుటుంబంగా చూపాలంటే కథ కావాలి. ఆ పని మార్వెల్ కామిక్స్ సంస్థకు అప్పగించారు. జిమ్ షూటర్ కథాచట్రం సమకూర్చాడు. డెన్నిస్ ఓనీల్ నాయకునికి ఆప్టిమస్ ప్రైమ్ అని పేరు పెట్టాడు. మిగిలిన పాత్రలలో అధిక భాగానికి పేర్లూ, స్వభావాలూ, చరిత్రలూ బాబ్ బుడియాన్స్కీ అనే సంపాదకుడు వ్రాశాడు. సైబర్‌ట్రాన్ అనే లోహగ్రహం, అక్కడ ఆటోబాట్లు, డిసెప్టికాన్లు అనే రెండు వర్గాలు, తరతరాల యుద్ధం, చివరకు భూమిమీద పోరు. నాలుగు సంచికలకే అనుకొన్న కామిక్ పత్రిక 1991 వరకు 80 సంచికలు నడిచింది. 1984 సెప్టెంబరులోనే టెలివిజన్ కార్టూను కూడా మొదలయింది.

దీని వెనుక ఒక ప్రభుత్వ నిర్ణయం ఉన్నది. అమెరికాలో టెలివిజన్ ప్రసారాలను నియంత్రించే సంఘం 1984లో ప్రకటనల కాలపరిమితిని గూర్చిన నియమాలను ఎత్తివేసింది. దానితో బొమ్మల కంపెనీలు తమ సరుకునే నాయకునిగా పెట్టి అరగంట కార్యక్రమాలు తీయడానికి దారి సుగమమయింది. కథయే ప్రకటన అయింది. 1990లో అక్కడి శాసనసభ పిల్లల కార్యక్రమాలలో ప్రకటనలకు మళ్ళీ హద్దులు విధించింది. వారాంతాలలో గంటకు పదిన్నర నిమిషాలు, మిగిలిన దినాలలో 12 నిమిషాలు. అప్పటికి ఒక తరం ఆ కథలతో పెరిగింది.

ప్రతి బొమ్మ డబ్బా వెనుక ఆ వీరుని జీవితచరిత్ర, బలం, బుద్ధి, వేగం, ధైర్యం మొదలైనవాటికి పదింటికి ఇన్ని మార్కులని అచ్చు వేసేవారు. ఎర్రని ప్లాస్టిక్ పట్టీ పైన ఉంచితేగాని ఆ మార్కులు సరిగా కనబడేవి కావు. పిల్లవాడు పరీక్షాధికారి స్థానంలో కూర్చున్నాడన్నమాట. ఇక వాదాలకు కొదవ ఏమిటి?

వాదాల తీరు

అభిమానుల వాదాలలో అతి ప్రసిద్ధమైనది ఒకటి చూద్దాము. డిసెప్టికాన్ల నాయకుడు మెగాట్రాన్ మూడంతస్తుల మేడంత ఎత్తువాడు. అతడే పిస్తోలుగా మారితే తన అనుచరుని చేతిలో ఇముడుతాడు. ఆ బరువంతా ఎక్కడికి పోయింది? పదార్థం నశించదని భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి ఇది కొరుకుడు పడదు. కొందరు అభిమానులు బరువు మరొక లోకంలో దాగుతుందన్నారు. కొందరు అది ఆ జాతికి సహజమైన శక్తి అన్నారు. హనుమంతుడు లంకలో పిల్లియంత కావడానికి అణిమాసిద్ధిని చెప్పుకొన్నట్లే ఇదీ. ఉర్దూ సాహిత్యం చదివినవారికి అమర్ అయ్యార్ జంబీల్ గుర్తుకు వస్తుంది. ఆ చిన్న సంచిలో నగరాలకు నగరాలే ఇమిడిపోతాయి. దాస్తాన్ వినేవారు దానిని ప్రశ్నించక ఆనందించారు.

అయితే అసలు కారణం మనకు ఇంతకుముందే తెలిసిపోయింది. మెగాట్రాన్ పుట్టినది ఇంటివస్తువుల శ్రేణిలో. ఆప్టిమస్ ప్రైమ్ పుట్టినది వాహనాల శ్రేణిలో. కొలతలు వేరైన రెండు శ్రేణులను ఒక కథలో కలిపినందువలన ఈ చిక్కు వచ్చింది. తొలినాటి కారుబొమ్మలలో డ్రైవరు కూర్చునే చోటు ఉండి, కూర్చునే మనిషి లేకపోవడం కూడా ఇందువలననే. పాత కథ పోయినా దాని గుర్తు బొమ్మ శరీరంమీద మిగిలింది. పాత శాసనపు రాతిని తెచ్చి కొత్త గోడలో పేర్చినప్పుడు అక్షరాలు తలక్రిందులుగా కనబడవచ్చు. చదవడం తెలిసినవానికి ఆ గోడ చరిత్ర అక్కడ దొరుకుతుంది. మంచి అభిమాని కథలోపలి సమాధానమూ తెలుసుకొంటాడు, కథ బయటి కారణమూ తెలుసుకొంటాడు. ఒకదానితో మరొకదానిని కలిపివేయడు. సాహిత్య విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠం లేదు.

మరొక వాదం ఈ వీరుల పుట్టుకను గూర్చినది. 1986లో ప్రసారమైన కార్టూనులో, క్వింటెసన్లు అనే జాతి ఈ యంత్రాలను అమ్మకపు సరుకుగా తయారుచేసిందని చెప్పారు. సైమన్ ఫర్మన్ వ్రాసిన కామిక్ కథలలో, ప్రైమస్ అనే దేవత తన దేహాన్నే గ్రహంగా మార్చుకొని వీరికి ప్రాణం పోశాడని చెప్పారు. ఒకచోట వారు సరుకు, మరొకచోట దేవుని సంతానం. అభిమానులు ఈ రెండింటిమీద ఏండ్ల తరబడి తర్కించారు. నిజానికి ఇది బొమ్మకే వర్తించే ప్రశ్న. అది దుకాణంలో సరుకు. పిల్లవాని చేతిలో ప్రాణి.

అదే సంవత్సరం విడుదలైన చలనచిత్రంలో ఆప్టిమస్ ప్రైమ్ మరణించాడు. కంపెనీకి పాత బొమ్మల స్థానంలో కొత్తవి అమ్మవలసి వచ్చింది. అందుకని పాతవారిని కథలో చంపించారు. పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు నిరసించారు. 1987లో ఆ వీరుని మళ్ళీ బ్రతికించక తప్పలేదు. లెక్కల పుస్తకంలో అతడు కాలం తీరిన సరుకే, కాని బాలుర మనసులో నాయకుడు. కథను వ్రాసినవారికంటె విన్నవారికే దానిమీద ఎక్కువ హక్కు ఉన్నదేమో అన్న అనుమానం అప్పుడు గట్టిపడింది.

ఏది ప్రమాణం?

ఒకే పాత్రకు డబ్బా వెనుక ఒక చరిత్ర, పత్రికలో ఒకటి, తెరమీద ఒకటి, రచయిత ఇచ్చిన సమాధానంలో ఇంకొకటి ఉన్నప్పుడు దేనిని నమ్మాలి? అభిమానులు ఈ చిక్కు తీర్చుకోవడానికి తమకు తామే ఒక పద్ధతి ఏర్పరచుకొన్నారు. మొదట మాట ఎక్కడిదో చెప్పాలి. పిదప అది ఏ కాలానిదో చూడాలి. రెండు మాటలు విరుద్ధమైతే దేనికి ఎక్కువ బలమో నిర్ణయించాలి. నిర్ణయం కుదరకపోతే రెండింటినీ రెండు ధారలుగా ఒప్పుకోవాలి. తమ ఊహను మూలంగా చెప్పరాదు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. హదీసు విద్వాంసులు ఒక మాటను స్వీకరించే ముందు ఇస్నాద్, మతన్ అని రెండింటినీ పరీక్షిస్తారు. ఇస్నాద్ అనగా ఆ మాటను ఒకరినుండి ఒకరు అందుకొన్నవారి వరుస. మతన్ అనగా ఆ మాటలోని విషయం. చెప్పినవారు నమ్మదగినవారా, ఒకరినొకరు కలిసిన కాలమేనా అని శోధిస్తారు. ఇక్కడ పోలిక పద్ధతికే గాని విలువకు కాదు. ధర్మశాస్త్రాన్నీ బొమ్మలాటనూ ఒక్క తక్కెడలో తూచరాదు. తెలుగులో సి. పి. బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి 1829లో ప్రచురించాడు. పుణెలోని భండార్కర్ సంస్థవారు మహాభారత పాఠనిర్ణయానికి 1919 నుండి 1966 వరకు శ్రమించారు. మాట మూలాన్ని అడగడం, తేడాను దాచక చూపడం ఈ పనులన్నిటికీ ప్రాణం.

ఉర్దూ దాస్తానులలో మరొక దృష్టాంతం ఉన్నది. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దాస్తానె అమీర్ హమ్జాను 46 సంపుటాలుగా వెలువరించింది. అందులోని తిలిస్మె హోష్‌రుబా మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాయగా, తర్వాతివి అహ్మద్ హుసేన్ ఖమర్ వ్రాశాడు. వచ్చినవాడు పోయినవాని పనిని ఎత్తిపొడవడమూ జరిగింది. ఒకే మాయానగరం, ఇద్దరు రచయితలు, చదువరులలో రెండు పక్షాలు. 1928లో ఢిల్లీలో మీర్ బాఖర్ అలీ మరణించడంతో దాస్తాన్ చెప్పే వృత్తి ఆగిపోయింది. సంపుటాలు కూడా చెల్లాచెదరయ్యాయి. షంసుర్రహ్మాన్ ఫారూఖీ వాటిని ఓపికగా సేకరించి, చదివి, విమర్శగ్రంథం వ్రాశాడు. ఆ కృషి ప్రేరణగా 2005లో దాస్తాన్‌గోయి తిరిగి వేదికనెక్కింది. ప్రమాణాలు వెదకిన ఒక పాఠకుడు ఒక కళకు మళ్ళీ ఊపిరి పోశాడని చెప్పవచ్చు.

పేర్లు ఎవరివి?

ఈ విషయంలో నవ్వులాటకు మించినది ఒకటి ఉన్నది. డెన్మార్కులోని లెగో కంపెనీ 2001లో బయోనికిల్ అనే బొమ్మల శ్రేణి ప్రారంభించింది. మాటా నుయి అనే ద్వీపం, ముసుగులు ధరించి శక్తులు పొందే ఆరుగురు తోవా వీరులు, వారు కాపాడే గ్రామస్థులు. కథ ఎంత లోతుగా అల్లారంటే, తాము నడయాడిన ద్వీపం ఒక మహాయంత్రపు ముఖంపై ఉన్నదని పాఠకులకు 2008లోగాని తెలియలేదు. రచయిత గ్రెగ్ ఫార్ష్టీ అభిమానుల ప్రశ్నలకు ఏండ్ల తరబడి సమాధానాలిచ్చాడు; ఆ సమాధానాలే ప్రమాణాలయ్యాయి.

అయితే ఆ కథలోని పలు పేర్లు పాలినేషియా భాషలనుండి, ముఖ్యంగా న్యూజీలాండు మూలవాసులైన మావోరీల భాషనుండి తీసుకొన్నవి. ‘తోహుంగా’ అన్నది వారిలో జ్ఞానసంపన్నుడైన పెద్దకు, పూజారికి వాడే గౌరవపదం. బొమ్మల కథలో అది చిన్న గ్రామస్థులకు పేరయింది. 2001లోనే కొన్ని మావోరీ తెగల పక్షాన మావూయీ సాలమన్ అనే న్యాయవాది అభ్యంతరం తెలిపాడు. తమను అడగకుండా తమ పవిత్రపదాలను వ్యాపారానికి వాడుకొన్నారని ఆ తెగల ఆవేదన. కంపెనీ మొదట సమర్థించుకొన్నా, పిమ్మట ఇకముందు అట్టి పదాలు వాడబోమని ఒప్పుకొన్నది. తోహుంగా పోయి మాటోరాన్ వచ్చింది. జాలా అనే పాత్ర జాలర్ అయ్యాడు. ఈ మార్పుకు కథలో కూడా ఒక కారణం కావలసి వచ్చింది. గ్రామస్థుల పరాక్రమానికి మెచ్చి వారికి కొత్త పేర్లిచ్చే నామకరణోత్సవం జరిగిందని 2003లో వ్రాశారు.

అభిమానికి ఇక్కడ పరీక్ష ఎదురయింది. ఉత్సవం కథనే చెప్పుకొంటూ పోతే మావోరీల మాట మరుగున పడిపోతుంది. అసలు సంగతి తెలిసినవాడు రెండూ చెబుతాడు. కథలో పేరు సన్మానంగా మారింది. లోకంలో పేరు న్యాయంగా మారింది. ఈ రెండవ వాక్యాన్ని వదలిపెట్టే హక్కు ఎవరికీ లేదు.

పేరు మారడం మన తీరానికీ అనుభవమే. ఎంతోకాలం భావనపాడు రేవు అని వ్యవహరించిన ప్రణాళిక 2023లో మూలపేట రేవుగా శంకుస్థాపన జరుపుకొన్నది. రేవులు కావలసినవే. కాని ఊరు కదలినప్పుడు ఇండ్లతోపాటు కదలని వస్తువులు కొన్ని ఉంటాయి. ఏ దిబ్బకు ఏ పేరు, ఏ అమ్మవారు ఏ గాలినాడు అలిగింది, ఏ తాత ఏ తుఫానులో తెప్పతో తిరిగి వచ్చాడు అన్నవి నష్టపరిహారపు పట్టికలో చేరవు. అవి చెప్పేవారి నోటనే ఉంటాయి.

మన కర్తవ్యం

చేర్యాలలో నేడు ఈ కళను పట్టుకొని ఉన్నవి కొద్ది కుటుంబాలు మాత్రమే. వారి బొమ్మలూ ముసుగులూ నగరాల గోడలకు అలంకారాలవుతున్నాయి. కొనడం మంచిదే, చేసినవానికి కూడు దొరుకుతుంది. కాని గోడకు వ్రేలాడే బొమ్మ ఏ వీరునిదో కొన్నవానికి తెలియదు, అడగడు. ప్లాస్టిక్ మెగాట్రాన్‌కు డబ్బా వెనుక జీవితచరిత్ర ఉన్నది. చేర్యాల బొమ్మకు అది చెప్పే కథకుడే కావాలి. కథకుడు పెట్టె మూసిన నాడు వీరుడు మళ్ళీ కర్రముక్క అవుతాడు. అక్కడ చచ్చినవానిని బ్రతికించమని ఉత్తరాలు వ్రాయడానికి పిల్లలు కూడా ఉండరు, ఎందుకంటే అతడు బ్రతికి ఉండగా వారు ఎరుగరు.

కావున యంత్రవీరుల కథ చదవవద్దని విద్యార్థులకు చెప్పడం నా అభిమతం కాదు. పరాయి గ్రహంలోని వీరుల వంశావళిని తప్పు లేకుండా చెప్పగల జ్ఞాపకశక్తి, రెండు కథనాల తేడా పట్టగల చురుకుదనం, ఆధారం లేని మాటను నిలదీసే తెగువ వారిలో ఉన్నాయి. ఇవి పండితలక్షణాలే. వాటిలో కొంత భాగం ఇంటివైపు త్రిప్పమని మాత్రమే కోరుతున్నాను. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నాయనమ్మనో, దాదీనో, వల వేసే పెద్దనో, తప్పెటగుళ్ళ గురువునో అడిగి ఒక కథ వ్రాసుకోండి. చెప్పినవారి పేరు, వారికి చెప్పినవారి పేరు, ఊరు, తేదీ పైన వేయండి. అదే కథను మరొకరినుండి విని తేడాలు ప్రక్కన వ్రాయండి. వినసొంపుగా ఉండాలని సొంత మాట చేర్చకండి. మావోరీల ఉదంతాన్ని గుర్తుంచుకొని, అచ్చు వేసే ముందు చెప్పినవారి అనుమతి అడగండి. వారు వద్దన్నచోట ఆగండి.

మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే వరండాలో తిరుగుతారు. ఒకరి కథను మరొకరు వ్రాసుకొంటే పని మరింత ఫలిస్తుంది. సొంత ఇంటి కథలో మనకు తెలిసినదే కదా అని వదిలివేసే సంగతిని పొరుగువాడు అడిగి తెలుసుకొంటాడు. ఇట్లు పోగైన వ్రాతప్రతులకు గ్రంథాలయంలో ఒక అలమార కేటాయించమని కళాశాల కమిటీవారికి నా విన్నపం. దానికి పెద్ద వ్యయం అక్కరలేదు. కొన్ని నోటుపుస్తకాలు, ఒక తాళం, సంవత్సరానికొకమారు లెక్కచూచే ఒక బాధ్యుడు చాలు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మళ్ళీ మొక్కలు నాటారు. ఏండ్లు పట్టినా తోట తిరిగి లేస్తుందన్న ఆశ ఉన్నది, ఎందుకంటే విత్తనం దొరుకుతుంది. కథకు విత్తనం చెప్పేవారి నోట ఉంటుంది. దానిని వారు ఉన్నప్పుడే అందుకోవాలి.